బెంచీ మీది ఎర్ర కోటు

"అది ఇంటికి రాదమ్మా. ఎన్నిసార్లు చెప్పాలి నీకు? దానికి కాలేజీలో పనుంది" అంది కూతురు, తడి జుట్టు తువ్వాలుతో తుడుచుకుంటూ.

"కోటుకి పనేమిటే? దానికేమన్నా ఉద్యోగం వచ్చిందా?" అంది తల్లి.

"వచ్చే ఉంటుంది" అంది మూల మంచం మీంచి నానమ్మ. "మనుషులు దొరక్క కోట్లని తీసుకుంటున్నారేమో."

వాన మొదలైన దగ్గర్నుంచీ ఇదే గొడవ. తల్లి లాండ్రీలో పనిచేస్తుంది. వచ్చిన చొక్కా కాలరు తిరగేసి, చేతుల అంచులు చూసి, మురికి ఎక్కడుందో గుర్తు పెట్టి చీటీ కట్టడం ఆమె పని. కూతురు ఆటల జట్టులో చేరినప్పుడు కాలేజీవాళ్ళు ఎర్ర కోటు ఒకటి ఇచ్చారు. ఇచ్చిన రోజున ఇంట్లో అందరూ ఒకసారి తొడుక్కుని అద్దంలో చూసుకున్నారు. ఆ మర్నాడు కాలేజీకి వెళ్ళిన కోటు మళ్ళీ గడప తొక్కలేదు.

"పరాయివాళ్ళ మురికంతా నా చేతుల మీదుగా పోతోంది. కన్నకూతురి కోటు ఏడాదిగా ఉతుకు లేకుండా పడుంటే నాకు నామోషీ కాదూ? నువ్వు రోజూ చెమటోడుస్తావు. అది ఎంత కంపు కొడుతుందో!"

"కొట్టదు" అంది కూతురు. అని, అనవసరంగా అన్నానే అన్నట్టు పెదవి కొరుక్కుంది.

ఆ పిల్లని ఇంట్లో పిట్ట అంటారు. పుట్టినప్పుడు పిట్టంత ఉండేదట. ఇప్పుడు తండ్రి కంటే జానెడు పొడుగు. నడక పందెంలో జిల్లా మొత్తానికి ఆమెను మించినవాళ్ళు లేరు. "నడిచినందుకు కూడా కప్పులిస్తారా! అయితే మీ తాతకి బీరువా నిండా కప్పులు రావాలి, జన్మంతా నా మీద అలిగి నడుస్తూనే ఉన్నాడు" అని నానమ్మ మొదట్లో నవ్వింది. తర్వాత ఒక పోటీ చూసొచ్చి నోరు మూసుకుంది. ఆ పందెంలో పరుగెత్తకూడదు. ఒక పాదం నేల వదిలేలోపు రెండో పాదం నేల మీద ఆనాలి. రెండూ ఒక్క క్షణం గాల్లో ఉన్నా పక్కనున్న జడ్జీలు తప్పని కార్డు చూపిస్తారు. పిట్టకి ఇంతవరకూ ఎవరూ కార్డు చూపించలేదు. ఆ సంగతి చెప్పేటప్పుడు, పంపుహౌసులో పనిచేసే తండ్రి గొంతు మోటారు వేసినట్టు మోగేది. వచ్చే నెల పెద్ద పోటీ ఉంది. అందులో గెలిస్తే ఆటల కోటాలో ఉద్యోగం ఖాయమని కోచ్ చెప్పాడు.

ఫోను మోగింది. కాలేజీ నంబరు. తల్లి చెయ్యి చీరకు తుడుచుకునే తీరిక లేక తడిచేత్తోనే తీసింది.

"అమ్మా, నేనే. ఇవాళ స్పెషల్ క్లాసుంది. ఆలస్యమవుతుంది. మీరు తినేసెయ్యండి."

"సరే తల్లీ. జాగ్రత్త. గొడుగుందా?"

"ఉందమ్మా."

తల్లి ఫోను పెట్టేసి, పిట్టకి ఆలస్యమవుతుందట అని చెప్పబోతూ వెనక్కి తిరిగింది. పిట్ట ఎదురుగా నిలబడి ఉంది. తువ్వాలు చేతిలోనే ఉంది. జుట్టు కొసల నుంచి నీళ్ళు కారుతున్నాయి.



"ఎవరది?" అంది తల్లి. అడుగుతుంటే తన గొంతే తనకు కొత్తగా వినిపించింది. ఆ ఫోనులోది పిట్ట గొంతే. చివరి మాటను కాస్త సాగదీసే అలవాటు, 'అమ్మా' అనే ముందు చిన్న ఊపిరి, అన్నీ పిట్టవే. అచ్చు గుద్దినట్టు పిట్టవే.

"అది... రేడియో" అంది పిట్ట. "మా క్లాసమ్మాయి. ఎవరి గొంతైనా దింపేస్తుంది, అందుకని రేడియో అంటాం. ప్రాక్టీసులో కోచ్ సార్ మా ఫోన్లు తీసేసుకుంటారు కదా. ఆలస్యమైన రోజు తనే అందరి ఇళ్ళకీ చెప్పేస్తుంది. ఇవాళ వానకి ముందే వదిలేశారని తెలిసుండదు."

"చెప్తే తన గొంతుతో చెప్పచ్చుగా?"

"మీరు కంగారు పడతారని."

"భలే పిల్ల!" అని తండ్రి పకపకా నవ్వాడు. నానమ్మ కూడా నవ్వింది. తల్లికి మాత్రం నవ్వు రాలేదు. ఏడాదిగా ఆ గొంతుతో ఎన్ని సాయంత్రాలు మాట్లాడిందో ఆమెకు ఒక్కొక్కటే గుర్తొస్తున్నాయి. ఒకసారి జ్వరంగా ఉందని చెప్పుకుంది. "మాత్ర వేసుకుని పడుకో అమ్మా, నేనొచ్చి గిన్నెలు కడుగుతాను" అంది ఆ గొంతు. ఎంత హాయిగా అనిపించిందో! ఆ హాయి మీదే నిద్రపోయింది.

ఎవరి మాటకి నిద్రపోయింది తను?

మర్నాడు మధ్యాహ్నం భోజనాల వేళ, లాండ్రీలో పక్కామెకు పని ఒప్పజెప్పి తల్లి కాలేజీకి వెళ్ళింది. గేటు దాటగానే మైదానం. నడి ఎండలో జట్టు సాధన చేస్తోంది. వాళ్ళలో పిట్ట, తల నిటారుగా, మోచేతులు మడిచి, నడుము తిప్పుతూ నడుస్తోంది. తల్లిని చూడలేదు. తల్లి పిలవలేదు. పిల్ల ఇక్కడుందిగా అనుకుని, గుండె కాస్త కుదుటపడి, ఆ రేడియో ఎవరో చూద్దామని మేడ మెట్లెక్కింది.

వసారాలో అన్ని తలుపులూ మూసి ఉన్నాయి. ఒక గదిలోంచి హాజరు పిలుస్తున్న మాస్టారి గొంతు వస్తోంది. ఒక పేరు, ఒక జవాబు. ఒక పేరు, ఒక జవాబు. తల్లి ఆ గది ముందుకు వచ్చేసరికి పిట్ట పేరు పిలిచారు.

"ప్రెజెంట్ సార్" అంది పిట్ట.

తల్లి గబుక్కున వెనక్కి తిరిగింది. వసారా పిట్టగోడ మీంచి కిందికి చూసింది. మైదానంలో పిట్ట మలుపు తిరుగుతోంది. మళ్ళీ గది వైపు చూసింది. కిటికీ రెక్క ఓరగా ఉంది.

ముందు వరస బెంచీల మీద మనుషులు లేరు. కోట్లు ఉన్నాయి. ఎర్ర కోట్లు. బెంచీ వెనక చెక్కకు భుజాలు తగిలించి, చేతులు రెండూ బల్ల మీద చాపి, బుద్ధిగా కూర్చోబెట్టినట్టు పెట్టారు. ఫ్యాను గాలికి ఒక కోటు చెయ్యి కొంచెం లేచి మళ్ళీ పడుతోంది, ఏదో అడగాలనుకుని మానేసినట్టు. మాస్టారు పుస్తకంలోంచి తలెత్తి పాఠం మొదలుపెట్టాడు. మధ్యమధ్య ముందు వరస వైపు చూస్తూ, "అర్థమవుతోందా?" అని ఆ కోట్లనే అడుగుతున్నాడు.

"అర్థమవుతోంది సార్" అంది పిట్ట గొంతు.

చదువుకుంటున్న పిల్లలు పోటీలకు వెళ్ళాలంటే ఇంత శాతం హాజరు ఉండాలి, ఇన్ని మార్కులు రావాలి అని నియమం ఉంది. మంచి నియమమే. పిల్లని మైదానం మింగేయకుండా పెద్దలు వేసిన కంచె అది. ఆ కాలేజీలో ఎవరూ ఆ కంచెను పీకలేదు, దూకలేదు. ప్రతి ఏడూ దానికి రంగు వేసి, చూడండి మా కంచె ఎంత చక్కగా ఉందో అని చూపించేవారు. లోపల చేను ఎండిపోయిందా, పండిందా అని చూసిన నాథుడు లేడు. మన ఊళ్ళలో, మన పిల్లలు చదివే చోట ఎంతమంది చూస్తున్నాం చెప్పండి?

గంట కొట్టాక పిల్లలు బయటికి వచ్చారు. తల్లి లోపలికి వెళ్ళి కోట్ల మధ్య నడిచి, చీటీ లేకుండానే పిట్ట కోటు గుర్తుపట్టింది. కాలరు తిరగేసింది. మురికి గీత లేదు. చంకల దగ్గర చెమట చార లేదు. కిటికీ వైపున్న భుజం మాత్రం ఎండకి వెలిసి గులాబీ రంగుకి వచ్చింది. ఇంతమంది బట్టలు చూసింది గాని, ఇంత కాలం కూర్చుని కూడా ఒంటి వాసన తెలియని బట్టను ఆమె ఎన్నడూ చూడలేదు.

"ఆంటీ" అని పిలిచింది పిట్ట, వెనక నుంచి.

తిరిగి చూస్తే వెనక బెంచీలో సన్నటి పిల్ల ఒకతె. కళ్ళు పెద్దవి, మనిషి మాత్రం ఇంతే.

"నువ్వేనా రేడియోవి?"

"అవునాంటీ. మిమ్మల్ని చూడగానే పోల్చుకున్నాను. మీ జ్వరం తగ్గిందా?"

ఎప్పటి జ్వరం! తల్లి చేతిలోని కోటు బెంచీ మీద పెట్టేసింది. "అమ్మాయీ, నీ గొంతుతో మాట్లాడు" అంది.

ఆ పిల్ల నోరు తెరిచింది. మూసింది. గొంతు సవరించుకుంది. మొదట ఒక మగపిల్లాడి గొంతు వచ్చింది, తర్వాత ఇంకెవరిదో. చివరికి సిగ్గుపడి నవ్వి, "కొంచెం ఆగండాంటీ, వెతుక్కోవాలి" అంది గుసగుసగా. గుసగుసకి ఎవరి గొంతూ ఉండదు కదా, ఆ తర్వాత అలాగే మాట్లాడింది. ముందు వరస అందరి హాజరూ తనే పలుకుతుందట. నోటి పరీక్షలకూ తనే జవాబులు చెబుతుందట. అందుకు కోచ్ ఆమెకు హాస్టల్లో ఉండే ఏర్పాటు చేశాడట.

"మరి నీ హాజరో?"

"మొన్నొకరోజు నా పేరు పిలిచారాంటీ. ఎవరో రాలేదేమో అనుకున్నాను. ఆబ్సెంట్ వేశారు."

"మీ మాస్టారికి తెలీదా ఇదంతా?"

"మొదట్లో తెలుసు. ఇప్పుడు తెలీదనుకుంటా" అంది ఆ పిల్ల.

కోచ్ మైదానం పక్కన రేకుల గదిలో ఉన్నాడు. మర్యాద తెలిసిన మనిషి. కుర్చీ వేశాడు, మంచినీళ్ళు ఇచ్చాడు. విన్నదంతా విని నవ్వాడు.

"అమ్మా, పోటీలు పెట్టే పై వాళ్ళకి హాజరు కావాలి. మనిషి కావాలని ఎక్కడా లేదు. మీ అమ్మాయి నడుస్తోంది, ఆ అమ్మాయి చదువుతోంది. ఇద్దరూ కలిస్తే బంగారంలాంటి విద్యార్థి. వచ్చే నెల దాకా కదిలించకండి."

"ఆ తర్వాతండీ? నడక అయిపోయాక?"

"అప్పటికి డిగ్రీ ఉంటుంది కదమ్మా."

"డిగ్రీ దేనికండీ, కోటుకా?"

ఆయన మళ్ళీ నవ్వి, విజిలు తీసుకుని మైదానంలోకి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం ఇంట్లో పెద్ద రభస అయింది. "అందరూ చేసేదేగా!" అంది పిట్ట. "నేను ఆడుకుంటున్నానా? తెల్లారకముందు లేచి ఎముకలు అరిగేలా నడుస్తున్నాను. క్లాసులో కూర్చుంటే సాధన పోతుంది, కూర్చోకపోతే అర్హత పోతుంది. నన్ను రెండు ముక్కలు చేసి చెరో చోట పెట్టమంటావా?"

"నేను చెయ్యకముందే వాళ్ళు చేసేశారు కదే" అంది తల్లి.

"నువ్వూరుకో" అన్నాడు తండ్రి భార్యతో. "నోటి దాకా వచ్చిన ముద్ద. నెల రోజులు కళ్ళు మూసుకుంటే ఉద్యోగం. నేను పంపుహౌసులో మోటారు మీద చెవి పెట్టి బతుకు వెళ్ళదీశాను, ఇదైనా బాగుపడనీ."

"బాగుపడటం సరే" అంది నానమ్మ, ఎప్పటి వెటకారం లేకుండా. "పందెంలో కాలు వెంట్రుకవాసి లేస్తేనే తప్పంటావు కదే పిట్టా. క్లాసులో రెండు కాళ్ళూ గాల్లో పెట్టుకుని ఏడాదిగా ఎలా నిలబడ్డావే?"

పిట్ట మంచం చివర కూలబడింది. తల్లి వెళ్ళి పక్కన కూర్చుంది. "ఒక్కరోజు వెళ్ళవే. ఒక్కసారి నీ బెంచీ మీద నువ్వు కూర్చుని, నీ పేరుకి నువ్వు పలికి రా. ఆ తర్వాత నీ ఇష్టం, నేను నోరెత్తను."

"ఓస్, ఇంతేనా! అదెంత పని?" అంది పిట్ట.

పెద్ద పనే అయింది. మర్నాడు పిట్ట తన ఎర్ర కోటు తీసి మడిచి కింద పెట్టి, బెంచీ మీద కూర్చుంది. అటూ ఇటూ కోట్లు, మధ్యలో మనిషి. తల్లి వసారాలో కిటికీ పక్కన నిలబడింది. హాజరు మొదలైంది. పిట్ట పేరు వచ్చింది.

"ప్రెజెంట్ సార్."

ఒకే మాట, ఒకే గొంతు, రెండు చోట్ల నుంచి వచ్చింది. వెనక బెంచీలో రేడియో రెండు చేతులతో నోరు మూసుకుంది. అలవాటున జారిన మాట అది.

మాస్టారు తలెత్తాడు. వెనక్కి చూడలేదు, ముందు కూర్చున్న పిట్టను చూశాడు. "ఎవరమ్మా నువ్వు? కొత్తగా చేరావా?"

"సార్, ఆ పేరు నాదే."

"తప్పమ్మా అలా అనడం" అన్నాడాయన మెల్లగా. కోపం లేదు ఆ మాటలో. "ఆ అమ్మాయిని నేను ఏడాదిగా ఎరుగుదును. ఒక్కరోజు మానదు. గొంతు నాకు తెలీదా?"

"నేనే సార్! నేనే!"

"అయితే నిన్న చెప్పిన పాఠం ఏమిటో చెప్పు. నిన్న బ్రహ్మాండంగా జవాబు చెప్పావు కదా."

పిట్ట నిలబడింది. నల్లబల్ల మీద ఏవో అక్షరాలు. తెలిసిన భాషే. ఒక్క మాటకీ అర్థం తెలియలేదు. పక్కనున్న కోటు చెయ్యి గాలికి లేచి ఆమె మోచేతికి తగిలింది.  అప్పుడు వెనక నుంచి, ఆపుకోలేక, మూసుకున్న వేళ్ళ సందుల్లోంచి జవాబు వచ్చింది. తడుముకోకుండా, స్పష్టంగా, చివరి మాటను కాస్త సాగదీస్తూ. తనకు తెలియని సంగతులన్నీ తన గొంతు చెబుతుంటే పిట్ట వింటూ నిలబడింది.

మాస్టారి ముఖం విప్పారింది. "విన్నావా? తను ఇక్కడే ఉంది" అన్నాడు. పుస్తకంలో గుర్తు పెట్టుకున్నాడు. "నువ్వు ఆఫీసులో కనుక్కో అమ్మా, నీది ఏ క్లాసో."

ఆయన నాటకమాడలేదు. కిటికీ దగ్గర నిలబడ్డ తల్లికి అదే అన్నిటికంటే భయం వేసింది. అబద్ధం చెప్పే మనిషిని నిలదీయవచ్చు. అబద్ధాన్ని ఏడాది పాటు పిలిచి, పలికించుకుని, మార్కులు వేసి, చివరికి నిజంగా నమ్మేసిన మనిషిని ఏమని అడగాలి?

పిట్ట బయటికి వచ్చి తల్లి వైపు చూడకుండా మెట్లు దిగిపోయింది. తల్లి వెనకాల వెళ్ళబోయి ఆగింది. కొన్ని దూరాలు పిల్లలు ఒంటరిగానే నడవాలి. ఆమె లాండ్రీకి వెళ్ళి, సాయంత్రం దాకా కాలర్లు తిరగేసి, ఇంటికి వచ్చి తలుపు గడియ పెట్టుకుని పొయ్యి దగ్గర కూర్చుంది.

సందెవేళ తలుపు తట్టిన చప్పుడైంది.

"అమ్మా, నేనే."

తల్లి లేచింది. గడియ మీద చెయ్యి వేసింది. చెయ్యి కదలలేదు. ఊపిరి, సాగదీత, అన్నీ ఉన్నాయి. నిన్నటి గొంతులోనూ ఉన్నాయి, మొన్నటి గొంతులోనూ ఉన్నాయి.

"ఏ నేను?" అంది తల్లి. అనాలనుకుని అనలేదు, వచ్చేసింది.

 తలుపు అవతల నుంచి వెక్కి వెక్కి ఏడుస్తున్న చప్పుడు వినిపించింది. ఆ ఏడుపును ఎవరూ దింపలేరు. తల్లి గభాలున గడియ తీసి కూతుర్ని గుండెలకు హత్తుకుంది. చెమట వాసన, మైదానం దుమ్ము వాసన, ఎండ వాసన. తన పిల్లే.

భోజనాల దగ్గర అందరూ కూర్చున్నాక, పిట్ట కంచంలో చెయ్యి పెట్టి కలుపుతూ, తలెత్తకుండా మాట్లాడింది.

"ప్రిన్సిపాల్ మేడమ్ దగ్గరికి వెళ్ళి చెప్పొచ్చాను, ఏడాదిగా నేను క్లాసులో లేనని."

తండ్రి చేతిలో ముద్ద ఆగిపోయింది. "మేడమ్ ఏమంది?"

"హాజరు పుస్తకం తెప్పించి చూశారు. తర్వాత, 'ఆటకి అడ్డంగా హాజరు నియమం పెట్టలేదమ్మా. ఆట నిన్ను వదిలేసిన రోజున నువ్వు రోడ్డున పడకూడదని పెట్టారు. ఆ సంగతి మేమే మర్చిపోయాం' అన్నారు. నా హాజరంతా కొట్టేస్తారు. మిగతా కోట్ల సంగతి రేపు పిలిచి మాట్లాడతామన్నారు."

"కోచ్ ఊరుకుంటాడా?"

"ఊరుకోలేదు. తిట్టారు. తిట్టాక, పొద్దున్న పూట సాధనకి రమ్మన్నారు."

"మరి పెద్ద పోటీ?" అన్నాడు తండ్రి. ఆ గొంతులో మోటారు లేదు. నానమ్మ ఆయన మోకాలి మీద చెయ్యి వేసింది. ఆయన దాన్ని తీసేయలేదు.

"రేడియో కూడా రేపట్నుంచి నా పక్కన కూర్చుంటానంది. హాస్టల్ సంగతి మేడమ్ చూస్తానన్నారు. తన పేరు పిలిచినప్పుడు పలకడం మర్చిపోతే నేను మోచేత్తో పొడవాలట" అంది పిట్ట. ఇంట్లో ఎవరూ నవ్వలేదు గాని, గాలి కొంచెం తేలికపడింది.

తర్వాత తండ్రి వైపు చూసి, మంచినీళ్ళు అడిగినంత మెల్లగా చెప్పింది. "ఈ ఏడు పోటీకి వెళ్ళడం లేదు నాన్నా. మొదటి ఏడాది మళ్ళీ మొదట్నుంచి చదువుతాను. వచ్చే ఏడు అర్హత వస్తే నడుస్తాను, రాకపోతే లేదు. నా బదులు ఇంకొకరు చదివిన చదువుతో నేను ఎంత దూరం నడిచినా, చేరేది నేను కాదు."